అక్షరం లేని గది

ఈసారి గోడ పత్రికకి కంప్యూటరు గురించి రాస్తానంటే మా క్లాసులో నవ్వారు. తెలుగు డిపార్ట్‌మెంటు గోడ మీద హార్డ్ డిస్కుకి ఏం పని అని. పని ఉంది. మా అవ్వ గొంతు మూడు వారాలు ఆ డిస్కులో ఇరుక్కుపోయింది. ఎలా బయటికి తీశామో చెప్తాను. రేపు మీ ఇంట్లో ఎవరికైనా పనికి రావచ్చు.

మా అవ్వది గుడియాత్తం దగ్గర పల్లె. మద్రాసుకి వచ్చి నలభై ఏళ్ళయినా ఆమె తెలుగు మాత్రం పల్లెలోదే. మేము ‘అన్నం తిన్నావా’ అంటే ఆమె ‘కూడు తింటివా’ అనేది. సాయంత్రం అనదు, ‘పొద్దు గూకినాక’ అనేది. నలుగు పాటలు, గొబ్బి పాటలు, దంపుడు పాటలు ఆమెకి ఎన్ని వచ్చో ఆమెకే తెలియదు. కిందటేడు సెలవుల్లో నేను, అక్క కూర్చోబెట్టి ఫోనులో పాడించాము. సిగ్గుపడి ముందు రెండు రోజులు పాడలేదు. మూడో రోజు నుంచి మేము చాలన్నా ఆపలేదు. మొత్తం 61 ఫైళ్ళు. ప్రతి దానికీ అక్క ఓపికగా తెలుగులోనే పేరు టైపు చేసి పెట్టింది. ఫోను నిండిపోతే అన్నిటినీ తన ల్యాప్‌టాప్‌లోకి మార్చింది. తర్వాత ఆ ఫోనును నాయన పాతదిచ్చి కొత్తది తెచ్చుకున్నాడు. ఆడి నెలలో అవ్వ పోయింది.

కర్మలన్నీ అయ్యాక ఒక రోజు ఆ పాటలు వినాలనిపించి ల్యాప్‌టాప్ తెరిచాము. నీలం తెర వచ్చింది. మీ కంప్యూటర్ని రిపేరు చేయాలి అని ఇంగ్లీషులో ఒక వాక్యం, కింద ఒక సంఖ్య. సున్నా, ఎక్స్, సి, తర్వాత ఆరు సున్నాలు, చివర ఎఫ్. ఆపి వేశాము, మళ్ళీ అదే. తీసి పెట్టి, ఒక గంట తర్వాత వేశాము, అదే.

కొన్న రోజు పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకంలో దీనికి ఒక ఉపాయం రాసి ఉంది. బటను నొక్కిన వెంటనే ఒక మీటని వరసగా నొక్కుతూ ఉంటే రికవరీ తెరుచుకుంటుందని. ఈ మీట ఒక్కో కంపెనీకి ఒక్కోటి. కొన్నిటికి ఎఫ్ 11, కొన్నిటికి ఎఫ్ 9, కొన్నిటికి ఆల్ట్‌తో కలిపి ఎఫ్ 10. మాది ఏదో పుస్తకంలో ఉంది కాబట్టి అదే నొక్కాము. నొక్కీ నొక్కీ అక్క వేలు నొప్పి పుట్టింది గానీ అదే నీలం తెర, అదే సంఖ్య.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. డిస్కు ఒకటే అయినా లోపల దాన్ని గదులుగా కట్టి ఉంటారు. పార్టిషన్లు అంటారు. మనకి కనిపించే గదికి ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, సి అనో డి అనో. అక్షరం లేని గదులు కూడా ఉంటాయి. తలుపు మీద పేరు లేదు కాబట్టి మనం ఎప్పుడూ ఆ వైపు పోము. ఒకప్పుడు కంప్యూటరు కొంటే దానితో సీడీలు ఇచ్చేవారు, పాడైతే వాటితో బాగుచేసుకొమ్మని. తర్వాత ఆ సీడీలు మానేసి, అందులో ఉండేదాన్ని డిస్కులోనే ఒక మూలన దాచిపెట్టడం మొదలుపెట్టారు. ఇది కాక, 2007లో విండోస్ విస్టా వచ్చినప్పటి నుంచి విండోస్‌కే సొంతంగా ఒక చిన్న రిపేరు సామాను ఉంది. పెద్ద విండోస్ లేవలేకపోతే ఈ చిన్నది లేచి దాన్ని లేపాలి. మా దాంట్లో రెండూ ఉన్నాయి. ఒక గది 1 జీబీ లోపు, ఇంకొకటి 14 జీబీ. రెండిటికీ అక్షరం లేదు.

వీధి చివర ఉన్న రిపేరు అంగడికి నాయన తీసుకుపోయాడు. ఆయన చూసి రెండు నిమిషాల్లో తేల్చేశాడు: ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్, కొత్తగా వేసిస్తాను.’ లోపల ఉన్నవి? ‘పోతాయి సార్.’ ఏదో గదిలో మురికి కడిగేస్తానన్నట్టు చెప్పాడు. అక్క ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకొని మాట్లాడకుండా బయటికి వచ్చేసింది. ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు.

మన కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఉండే అక్క మీలో చాలామందికి తెలుసు. అరవంలోనే మాట్లాడుతుంది, తెలుగు అర్థమవుతుంది, మనం చాటుగా అనుకునేవి కూడా. ఆమెని అడిగాను. ఆమె తల ఊపి ఒకటే చెప్పింది: ముందు తలుపు బాగుచేయాలని చూడొద్దు, కిటికీలోంచి సామాను బయటికి తీసుకో, తలుపు సంగతి తర్వాత. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తెలివైన మాట ఇదే అనిపించింది. ఎందుకంటే ఆ 14 జీబీ గది ఒకవేళ తెరుచుకొని ఉంటే, అది చేసే పని సి గదిని తుడిచేసి, కొన్న రోజు ఎలా ఉందో అలా చేయడం. అవ్వ పాటలు ఉన్నది సి లోనే.

కిటికీ అంటే ఒక పెన్‌డ్రైవు. దాంట్లో ఉబుంటు అనే ఉచిత సిస్టంని ఎక్కించి, ల్యాప్‌టాప్‌ని ఆ పెన్‌డ్రైవు నుంచే లేపాము. అది లేచాక రెండు దారులు చూపిస్తుంది, ‘ట్రై’, ‘ఇన్‌స్టాల్’. ‘ట్రై’ నొక్కాలి. అప్పుడు అది డిస్కు మీద ఏమీ రాయదు, పెన్‌డ్రైవులోనే కూర్చొని పని చేస్తుంది. ఇంకో సంగతి: కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్కుకి బిట్‌లాకర్ అనే తాళం ఉంటుంది. అది ఉంటే 48 అంకెల తాళంచెవి చేతిలో లేనిదే కిటికీలోంచి కూడా ఏమీ కనపడదు. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే ఈ రోజే ఆ అంకెలు ఉన్నాయేమో చూసి కాగితం మీద రాసి పెట్టండి. మా దానికి తాళం లేదు, అదృష్టం.

డిస్కు తెరుచుకుంది. విండోస్ సరిగ్గా ఆగలేదు కాబట్టి చదవడానికి మాత్రమే ఇస్తాను, రాయనివ్వను అంది. మాకు కావలసింది అదే. ఫోల్డరు తెరిస్తే అక్క తెలుగులో రాసిన పేర్లన్నీ వరసగా కనిపించాయి, ‘నలుగు 1’, ‘నలుగు 2’, ‘గొబ్బి - గుమ్మడి పువ్వు’, ‘అవ్వ తిట్లు’. ల్యాబ్ అక్క చివరిదాన్ని చూసి అరవంలో ఏమిటది అని అడిగింది. తిట్లకి కూడా ఒక ఫైలు కావాలని అవ్వే అడిగిందని చెప్పాను.

బయటి డిస్కులోకి కాపీ పెట్టాము. 58 వచ్చేశాయి. మూడు రాలేదు. చదవలేకపోతున్నాను అని ఆగిపోయింది. అంటే విండోస్‌కి వచ్చిన జబ్బు కాదు, డిస్కు పలక మీదే అక్కడక్కడా మచ్చలు పడ్డాయి. బ్యాడ్ సెక్టర్లు. ఇలాంటి చోట మామూలు కాపీ ఒక మచ్చ తగలగానే మొత్తం ఫైలునే వదిలేస్తుంది. దీనికి డీడీరెస్క్యూ అని ఒక చిన్న ప్రోగ్రాము ఉంది. అది పనిచేసే పద్ధతి నాకు భలే నచ్చింది. ముందు సులువుగా వచ్చే భాగాలన్నీ తీసుకుంటుంది, కష్టమైన చోటు వస్తే అక్కడ తలబాదుకోకుండా దాటిపోతుంది. ఎక్కడెక్కడ దాటిందో ఒక ఫైలులో గుర్తు రాసుకుంటుంది. అన్నీ అయ్యాక వెనక్కి వచ్చి ఆ మిగిలినవాటిని కొంచెం కొంచెంగా గీకుతుంది. చెప్తే ఎన్నిసార్లయినా మళ్ళీ ప్రయత్నిస్తుంది. మేము మధ్యాహ్నం పెట్టి క్లాసుకి వెళ్ళి వచ్చాము. రెండు ఫైళ్ళు నిండుగా వచ్చాయి. మూడోదాంట్లో కొంత రాలేదు. దాని సంగతి చివర్లో.

పాటలు రెండు చోట్ల భద్రంగా పెట్టాక అప్పుడు తలుపు దగ్గరికి వచ్చాము. ఇదంతా అక్క కోసం. ఆమె ఉద్యోగం లెక్కలు కూడా అందులోనే చేసుకుంటుంది. ల్యాబ్‌లోనే 8 జీబీ పెన్‌డ్రైవు మీద విండోస్ 10 ఎక్కించుకొని దానితో లేపి, మొదటి తెర మీదే షిఫ్ట్, ఎఫ్ 10 కలిపి నొక్కితే నల్ల కిటికీ వస్తుంది. అందులో డిస్క్‌పార్ట్ అని కొట్టి గదుల జాబితా అడిగాము. 1 టీబీ అని అమ్మిన డిస్కు అక్కడ 931 జీబీ అని చూపిస్తుంది, ఎవరూ దొంగిలించలేదు, లెక్క పద్ధతి తేడా. 260 ఎంబీ గది ఒకటి, 16 ఎంబీ గది ఒకటి, తర్వాత సి, తర్వాత డి, చివర ఆ రెండు అక్షరం లేని గదులు. ఏ గది ఏమిటో తెలియకపోతే ఆ గదిని ఎంచుకొని వివరం అడగాలి. డిఇ94 అని మొదలయ్యే పొడుగాటి సంఖ్య కనిపిస్తే అది రికవరీ గది. పాత పద్ధతి డిస్కులైతే 27 అని ఉంటుంది. ఇక్కడ చేయి జాగ్రత్త. డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్’ అనే మాట ఉంది, పేరు చూసి మంచిదనుకుంటారు. అది గదుల జాబితానే తుడిచేస్తుంది.

గది ఉంది. లోపల సామాను ఉంది. మరి మీట నొక్కితే ఎందుకు తెరుచుకోలేదు? ల్యాబ్ అక్క ఆ డి ని చూపించి, ఇది ఎప్పటిది అని అడిగింది. రెండేళ్ళ కిందట ఒక అంగడిలో సి ని చిన్నది చేసి డి కట్టించింది మా అక్క. ఆ కట్టడంలో వెనక గదులని జరిపారు. ప్రతి గదికీ తనదంటూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. జరిపినప్పుడు కొత్త సంఖ్య పడింది. లేపే పుస్తకంలో మాత్రం పాత సంఖ్యే ఉండిపోయింది. ఇల్లు మారినవాళ్ళకి పాత చిరునామాకి ఉత్తరం వేసినట్టే. విండోస్ బాగున్నన్నాళ్ళూ ఎవరికీ ఆ గది అవసరం రాలేదు కాబట్టి తెలియలేదు. డిస్కు మీద మచ్చలు ఆ లేపే పుస్తకం మీద కూడా పడేసరికి రెండు తలుపులూ ఒకేసారి మూసుకున్నాయి.

బీసీడీబూట్ అనే ఆజ్ఞతో ఆ పుస్తకాన్ని కొత్తగా రాయించాము. విండోస్ లేచింది! అక్క చప్పట్లు కొట్టింది, ల్యాబ్‌లో అందరూ తిరిగి చూశారు. లేచాక రీఏజెంట్‌సి స్లాష్ ఇన్ఫో అని అడిగితే రికవరీ ‘డిసేబుల్డ్’ అంది, చిరునామా దగ్గర ఖాళీ. ఎనేబుల్ చేయమంటే ఇమేజ్ దొరకలేదంది. అప్పుడు ఆ చిన్న గదికి తాత్కాలికంగా ఆర్ అని ఒక అక్షరం ఇచ్చి, లోపల దాగి ఉన్న ఫోల్డరులో విన్‌ఆర్‌ఇ అనే ఫైలు ఉందని చూసుకొని, ‘సెట్ ఆర్‌ఇ ఇమేజ్’ అనే ఆజ్ఞతో ఆ దారి చూపించాము. ఈసారి ఎనేబుల్ అయింది. ఇచ్చిన అక్షరాన్ని మళ్ళీ తీసేశాము. చిన్న బాధ ఒకటి: ఆ నల్ల కిటికీలో అక్క పెట్టిన తెలుగు పేర్లన్నీ అక్షరాలు కాకుండా డబ్బాలు డబ్బాలుగా కనిపించాయి.

ఇంట్లో చెప్తే నాయన, ‘ఆ గది తెరుచుకోకపోవడమే మేలాయె కదమ్మా, తెరుచుకునుంటే అన్నీ పోయుండును’ అన్నాడు. పెద్ద గది విషయంలో నిజమే. చిన్న గది విషయంలో నేను ఒప్పుకోను. అది తెరుచుకొని ఉంటే అందులోనూ ఒక నల్ల కిటికీ ఉంటుంది. అందులో నోట్‌ప్యాడ్ అని కొట్టి, ‘ఓపెన్’ నొక్కి, అన్ని రకాల ఫైళ్ళూ చూపించమంటే ఫైళ్ళన్నీ కనిపిస్తాయి. అక్కడి నుంచే పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోవచ్చు, విండోస్ లేవకపోయినా. తుడిచేదీ కాపాడేదీ పక్కపక్కనే పెట్టి, తుడిచేదాన్నే పెద్ద అక్షరాలతో చెప్తారు. అంగడాయన కూడా అదే చెప్పాడు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కంపెనీ మద్దతు ఆగిపోయింది కాబట్టి ఎలాగూ ఆ ల్యాప్‌టాప్‌కి ఎక్కువ రోజులు లేవు. మచ్చలు పడ్డ డిస్కుని కూడా అక్క జీతం వచ్చాక మార్చేయాలి.

ఇక ఆ మూడో ఫైలు. ‘నలుగు 2’. పెళ్ళికూతురికి పసుపు రాస్తూ ఆడబిడ్డ ఎగతాళి చేసే పాట. నాలుగో చరణం మధ్యలో నాలుగైదు సెకన్లు గరగరమంటుంది, తర్వాత అవ్వ గొంతు మళ్ళీ వస్తుంది, ఏమీ కానట్టే. సరిగ్గా వదినె ఇచ్చే జవాబు ఉండాల్సిన చోటు. అక్కకి గుర్తు లేదు, నాకు గుర్తు లేదు. చిత్తూరు, వేలూరు, గుడియాత్తం వైపు నుంచి మన కాలేజీకి వచ్చేవాళ్ళు పది మందికి తక్కువ లేరు. మీ అవ్వకో అమ్మమ్మకో ఈ పాట తెలిసి ఉంటుంది. డిపార్ట్‌మెంటులో, బీరువా పక్క బెంచీలో ఉంటాను. ఫోనులో పాట ఉంది, హెడ్‌సెట్ కూడా తెస్తాను. వచ్చి ఒకసారి వినండి.