మరుపు కాదు, చెవుడు

బెంగళూరులో ఒక బట్టల మిల్లులో, మగ్గాల షెడ్డులో 31 ఏండ్లు పని చేసినాను. ఇప్పుడు సొంతూరు కెలమంగలంలో ఉంటున్నాను. ఆ షెడ్డులో పక్కవాడు అరిచినా వినపడదు. పెదాలు చూసి, చేతి సైగ చూసి మాట తెలుసుకునేవాళ్లం. చెవిలో దూది పెట్టుకున్నవాణ్ణి చూసి నవ్వేవాళ్లం. మిల్లులో పని చేసిన అన్నదమ్ములకు ఇది కొత్త సంగతి కాదు.

రెండేండ్లుగా ఇంట్లో నాతో తకరారే. సంతలో దొండకాయలు తెమ్మంటే బెండకాయలు తెచ్చినాను. మనమడు ఒకటి అడిగితే ఇంకొకటి చెప్పినాను. ముసలాయనకు మతి తప్పుతోందని మా ఇంటామె కూతురి దగ్గర ఏడ్చిందంట. నాకూ భయం పట్టుకుంది. మా పెద్దబావ చివరి రోజుల్లో ఇంటి దోవ మరిచి బస్టాండులో కూర్చునేవాడు. కన్నబిడ్డనే "నువ్వెవరమ్మా" అని అడిగినాడు. నాకూ అదే గతి అనుకొని నలుగురిలో కూర్చోవడం మానేసినాను. రచ్చబండ దగ్గర పులిజూదం కూడా వదిలేసినాను.

నర్సింగు చదివే మనమరాలు బలవంతంగా హోసూరుకు పిల్చుకొని పోయింది. డాక్టరు దగ్గరికొచ్చి గట్టిగా అడిగితే తేదీ, వారం, ఊరు అన్నీ సరిగ్గా చెప్పినాను. చెవి పరీక్ష చేయించి, "పెద్దాయనా, నీది మరుపు కాదు, చెవుడు. ఇట్లే వదిలేస్తే మరుపుకు కూడా దోవ అవుతుంది" అన్నాడు. మాట సగమే వినపడితే మిగతా సగం ఊహించుకోవడానికే మెదడు అలిసిపోతుందంట. మనిషి మాటలకు దూరమౌతాడు. నడపని మగ్గానికి తుప్పు పట్టినట్లు మెదడూ మొద్దుబారుతుంది.

2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున పెద్ద డాక్టర్లు ఇచ్చిన నివేదిక గురించి మనమరాలు చెప్పింది. మతిమరుపు జబ్బుకు మార్చుకోగలిగే కారణాలు 14 ఉన్నాయంట. అన్నీ సరి చేసుకుంటే నూటికి 45 దాకా రాకుండానో, ఆలస్యంగా వచ్చేటట్లో చేయొచ్చంట. చెవుడు, బీపీ, సుగరు, కొవ్వు, బీడీ, సారాయి, తలకు దెబ్బ, కదలకుండా కూర్చోవడం, ఒంటరితనం, చూపు తగ్గడం అందులో ఉన్నాయి. చదువు తక్కువ కావడం కూడా ఉంది. నాది అయిదో తరగతి. దాన్ని ఇప్పుడు మార్చలేను. మిగతావి చాలా వరకు నా చేతిలోనే ఉన్నాయి.

చెవి మిషను పెట్టుకోవడానికి నెల రోజులు సిగ్గుపడినాను. "కళ్లద్దాలకు లేని సిగ్గు దీనికెందుకు?" అని మా ఇంటామె అడిగింది. మొదట్లో గిన్నెల చప్పుడే పిడుగు పడినట్లుండె. మెల్లగా అలవాటైంది. బీడీ మానినాను. బీపీ మాత్రలు ఇంటికే వస్తాయి. ఆ 'మక్కళై తేడి మరుత్తువం' పథకం మొదలైంది మన జిల్లా సామనపల్లిలోనే, 2021 ఆగస్టు 5న. ఇంటికొచ్చినా మింగాల్సింది మనమే కదా. సాయంకాలం మళ్లీ పులిజూదానికి పోతున్నాను.

మా బావకు ఆయన తప్పు వల్ల జబ్బు వచ్చిందని అనను. అన్నీ చూసుకున్నా కొందరికి వస్తుంది. కానీ ఇంట్లో పెద్దాయన అడిగినదానికి జవాబు చెప్పకపోతే, మతి పోయిందని ఏడ్చేముందు ఒకసారి చెవి చూపించండి.