శిలయైన తల్లి

ఇటలీ దేశమున ఫ్లారెన్సు పట్టణమందలి ఉఫీజీ ప్రదర్శనశాలలో నియోబి పేర నొక గది గలదు. మేమచట నిలిచినంతసేపు మఱి యే గదియందును నిలువలేదు.

నియోబి గ్రీకుల పురాణగాథలలో థీబ్సు నగరపు రాణి. ఆమెకు ఏడుగురు కొడుకులు, ఏడుగురు కూతుళ్లు. (లెక్కలో కవులకు భేదము గలదు, హోమరు పండ్రెండుగురే యనెను.) లేటో దేవికి బిడ్డలిద్దఱే గదా యని యీమె హేళన చేసెను. ఆ యిద్దఱును అపొలో, ఆర్టెమిసులు. తల్లికైన యవమానమునకు వారు బాణములతో నియోబి బిడ్డలను గూల్చిరి. ఆమె కన్నీరు విడుచుచునే శిలయయ్యెను.

ఈ చలువరాతి ప్రతిమలు 1583లో రోమునందు భూమిలో దొరకినవి. ప్రాచీన గ్రీకు శిల్పములకు రోమనుల కాలమున చేసిన ప్రతులని పండితులందురు. వానిలో తల్లి విగ్రహమే మమ్ము గదల్చినది. కడగొట్టు కూతురు వీపు మనవైపు త్రిప్పి తల్లి యొడిలో ముఖము దాచుకొన్నది. తల్లి యొకచేత దానిని హత్తుకొని, రెండవచేత పైవస్త్రమును లేవనెత్తుచున్నది. బాణమున కా గుడ్డ యేపాటి యడ్డు! చూపు మాత్రము ఆకాశమువైపు.

మన యిండ్లలో బిడ్డలను లెక్కింపరాదు, దృష్టి తగులునందురు. కాని పేరంటములలో “ఒక్కతేనా?” యని యడుగుట కెవరికిని జంకు లేదు. మాకును ఒక్కతే కూతురు; ఆ ప్రశ్నను పలుమాఱులు వింటిమి. కావున కథ చదివిన నాడు మేము లేటో పక్షమే వహించితిమి. ఆ రాతి యెదుట ఆ పక్షము నిలువలేదు. శిల్పి యామె ప్రగల్భమును జెక్కలేదు. ఆ చేతిని జెక్కెను. గాథ ప్రకారము ఆ క్షణమున నామెకును మిగిలినది ఒక్కతే.