ఖాళీ గిన్నె

మా ఇంట్లో ఒక రూల్ ఉంది. మంచి వార్త పూర్తిగా చేతికొచ్చేదాకా బయట చెప్పకూడదు. చెప్తే దిష్టి తగులుతుందని మా నానమ్మ నమ్మకం. నాకు ఎంసెట్ ర్యాంకు వచ్చినప్పుడు కూడా, కౌన్సెలింగ్‌లో సీటు అలాట్ అయ్యేదాకా పక్కింటివాళ్లకి తెలియనివ్వలేదు.

అలాంటి ఇంట్లోంచి వచ్చిన నాకు మా క్లాస్ వాట్సాప్ గ్రూప్ మొదట్లో వింతగానే ఉండేది. నాలుగో సంవత్సరం మొదలై ప్లేస్‌మెంట్లు వచ్చాక ఇంకా వింతగా తయారైంది. ఎవరికో ఆఫర్ వస్తుంది, స్క్రీన్‌షాట్ పడుతుంది, కింద నలభై కంగ్రాట్స్‌లు పడతాయి. ఒకసారి మొదటివాడు కంగ్రాట్స్‌లో ఒక అక్షరం తప్పు కొడితే, వెనకాల పదిమంది అదే తప్పుతో కాపీ పేస్ట్ చేశారు! ఆఫర్ రానివాళ్లు మాత్రం ఒక్కొక్కరే గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టేశారు.

అందుకే మా హాస్టల్ మూడో అంతస్తులో ఎనిమిది మందిమి కలిసి వేరే గ్రూప్ పెట్టుకున్నాం. పేరు ‘చిల్లర’. మార్కులు, ఆఫర్లు, ప్యాకేజీల మాట ఎత్తకూడదు. ఆ రోజు జరిగిన చిన్న చిన్న సంతోషాలు మాత్రమే పెట్టాలి. మెస్‌లో అడక్కుండానే రెండో గుడ్డు వేశారని ఒకరు, వాన పడేలోపు బట్టలు ఆరాయని ఒకరు, రెండు రోజులుగా రన్ కాని కోడ్ ఒక్క సెమికోలన్‌తో రన్ అయిందని ఒకరు. ఎవరికీ గుచ్చుకోని సంతోషాలు.

ఒక రాత్రి నా రూమ్మేట్ అందులో ఒక మెసేజ్ పెట్టింది. ప్రాంతం పేరుతో మేమంతా తనని ‘పల్నాడు’ అని పిలుస్తాం. “మా గేదె ఈనింది. పెయ్యదూడ!” కింద మసక మసకగా ఒక ఫోటో. మర్నాడు నాకు ఆప్టిట్యూడ్ టెస్ట్. ఒక హార్ట్ కొట్టి మళ్లీ లెక్కల్లో పడిపోయా. మిగతావాళ్లూ అంతే. ఏడుగురం, ఏడు హార్ట్‌లు. ఒక్కరం కూడా ఒక్క మాట అడగలేదు. వాట్సాప్‌లో ఈ రియాక్షన్లు 2022లో వచ్చాయి. అంతకుముందు కనీసం ‘సూపర్’ అనైనా టైప్ చేయాల్సి వచ్చేది.

రెండు వారాల తర్వాత నాకు ఆఫర్ వచ్చింది. అదే కంపెనీలో పల్నాడు చివరి రౌండ్‌లో పోయింది. ఇంటికి ఫోన్ చేస్తే నానమ్మ ఎప్పటి మాటే అంది: “లెటర్ చేతికొచ్చేదాకా ఎవరికీ చెప్పకమ్మా.” నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే హాయిగా అనిపించింది. పల్నాడుకి చెప్పకుండా తప్పించుకోవడానికి నాకో సాకు దొరికింది. ఒకే రూములో రెండు రోజులు ఏమీ తెలియనట్టు తిరిగా.

మూడో రోజు రాత్రి తనే తలుపు వేసి అడిగింది.

“నీకు ఆఫర్ వచ్చిందంట కదే. నాకు చెప్పవా?”

“నువ్వు బాధపడతావేమోనని...” అని నసిగా.

“బాధగానే ఉంది. అయితే మాత్రం? నీ సంగతి నేను నోటీసు బోర్డులో చూసి తెలుసుకోవాలా?”

నా దగ్గర జవాబు లేదు. తను నా మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని మొదలెట్టింది. “ఏం అడిగారే? డీబీఎంఎస్ అడిగారా? నార్మలైజేషన్ దగ్గర మళ్లీ తడబడ్డావా? అమ్మకి చెప్తే ఏమంది, ఏడ్చిందా?” గంటసేపు అడుగుతూనే ఉంది. చెప్తూ చెప్తూ ఉంటే, నాకు నిజంగా ఉద్యోగం వచ్చిందని అప్పుడు అనిపించింది. సెలెక్ట్ అయ్యావని మెయిల్ వచ్చినప్పుడు కూడా అంత అనిపించలేదు.

అప్పుడు గుర్తొచ్చింది గేదె. సిగ్గుపడుతూనే అడిగా.

అది వాళ్లమ్మ డ్వాక్రా లోన్ తీసుకుని కొన్న గేదెట. కిందటి ఈతలో దూడ చచ్చిపోయింది. ఈసారి వాళ్ల నాన్న మూడు రాత్రులు కొట్టం దగ్గరే పడుకున్నారట. ఆ పాల డబ్బుల మీదే తన రెండో విడత ఫీజు ఆధారపడి ఉంది. అలాంటి వార్తకి నేను ఒక హార్ట్ కొట్టి ఊరుకున్నా.

ఇంకో మాట కూడా చెప్పింది. గేదె ఈనితే ముందు దూడ తాగాక, జున్నుపాలు చుట్టుపక్కల ఇళ్లకి పంపుతారట. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి వాళ్లు జున్ను వండుకుంటారు. పాలు తీసుకున్నవాళ్లు గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. గుప్పెడు బియ్యమో, బెల్లం ముక్కో వేసి ఇస్తారు. తను మామూలుగానే చెప్పింది కానీ, నాకు మాత్రం మా ఏడు హార్ట్‌లు కళ్లముందు కనిపించాయి. ఏడూ ఖాళీ గిన్నెలే.

తర్వాత ఈ విషయం గురించి వెతికితే షెల్లీ గేబుల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సహచరులతో కలిసి 2004లో ప్రచురించిన ఒక పరిశోధన కనబడింది. మంచి సంగతి జరిగినప్పుడు వచ్చే సంతోషం ఒకటైతే, దాన్ని ఇంకొకరికి చెప్పుకున్నప్పుడు వచ్చే సంతోషం దానికి అదనమట. అయితే వినేవాళ్లు ఎలా విన్నారన్నదీ ముఖ్యమే. ఉత్సాహంగా అడిగి తెలుసుకునే జంటల మధ్య అనుబంధం మెరుగ్గా కనిపించింది. ‘మంచిదే’ అని ఊరుకునేచోట అలా కనిపించలేదు. పల్నాడుకి ఇది చదివి వినిపిస్తే, “దీనికి పరిశోధన కూడా కావాలా?” అంది.

నానమ్మ రూల్‌ని నేను ఇప్పుడూ కొట్టిపారేయను. అందరికీ అన్నీ చెప్పక్కర్లేదు. కానీ ఎదుటివాళ్ల బాధ పేరు చెప్పి నేను దాచింది నా ఇబ్బందిని. అది దిష్టి భయం కంటే చిన్న సంగతి.

ఇది రాసేనాటికి పల్నాడుకి ఇంకా ఆఫర్ రాలేదు. ‘చిల్లర’ గ్రూప్‌లో మాత్రం ఒక రూల్ తీసేశాం, ఒకటి కలిపాం. ఆఫర్ల సంగతి కూడా చెప్పుకోవచ్చు. హార్ట్ కొట్టినవాళ్లు ఒక ప్రశ్న అయినా అడగాలి.

మొన్న ఆదివారం తను మెసేజ్ పెట్టింది: “దూడ గడ్డి కొరుకుతోంది.” పేరేం పెట్టారే అని అడిగా. ఇంకా పెట్టలేదు, మీరే చెప్పండి అంది. అర్ధరాత్రి దాకా 43 పేర్లు వచ్చాయి. మర్నాడు అందరికీ ఇంటర్నల్ ఉంది కూడా.

చివరికి వాళ్ల నాన్న లక్ష్మి అని పెట్టారట.