“ఆఫ్ చేసెయ్” అనే వైద్యం

వైఫై ఆగిపోతోందని ఎవరైనా అంటే చాలు, పక్కనున్నవాడు “పవర్ సేవింగ్ ఆఫ్ చేసెయ్యన్నా, అయిపోతది” అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అది పనికిరాని సలహా అయితే ఇంత బాధ లేకపోను. చాలాసార్లు పనిచేస్తుంది. అందుకే లోపం ఎక్కడుందో ఎవరూ వెతకరు.

మా అక్క కొడుకు లైనక్స్ ల్యాప్‌టాప్ సంగతే చూడండి. మానుకోటలో వాడి ఇంట్లో ఆన్‌లైన్ క్లాసు మధ్యలో వీడియో బిగుసుకుపోయేది. అదే గదిలో ఫోను హాయిగా నడిచేది. రిపేరు షాపుకి తీసుకెళితే కౌంటర్ మీద పెట్టి ముందు ఛార్జర్ గుచ్చారు. రోజంతా వైఫై నిక్షేపంగా పనిచేసింది. “దీనికేం కాలే, రౌటర్ మార్చుకోండ్రి” అని పంపారు. పాపం, మా అక్క డబ్బు పెట్టి రౌటర్ మార్చింది. రోగం అలాగే ఉంది. ఆ కోపం నాకింకా తీరలేదు. ఛార్జర్ పీకి ఒక్కసారి చూసుంటే తెలిసిపోయేది. బ్యాటరీ ఆదా చేసే టీఎల్‌పీ అనే ప్రోగ్రాం ఛార్జర్ ఉన్నంతసేపు వైఫై నిద్రను, అంటే ఆ పవర్ సేవింగ్‌నే, ఆపి ఉంచుతుంది, బ్యాటరీ మీదికి రాగానే మొదలుపెడుతుంది. అంటే షాపులో ఆ జబ్బు పుట్టే అవకాశమే లేదు.

ఈ నిద్ర 1997 నాటి తొలి 802.11 ప్రమాణంలోనే ఉంది. చిప్ పడుకోబోతూ, పంపే ఫ్రేములో ఒక బిట్ పెట్టి రౌటర్‌కి ఆ సంగతి చెబుతుంది. అక్కణ్ణుంచి దానికి వచ్చేవన్నీ రౌటర్ తన దగ్గరే ఆపుకుంటుంది. మామూలుగా 102.4 మిల్లీసెకన్లకోసారి రౌటర్ బీకన్ వేస్తుంది, అందులో ఎవరెవరికి సరుకు ఆగి ఉందో పట్టీ ఉంటుంది. చిప్ ఆ వేళకు లేచి పట్టీ చూసుకోవాలి, తనది ఉంటే అడిగి తీసుకోవాలి. ఫర్మ్‌వేర్ కాస్త ఆలస్యంగా లేచినా, డ్రైవర్ లెమ్మన్నప్పుడు లేవకపోయినా అవతల పాఠం చెబుతున్న మాస్టారు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోతాడు.

కొన్ని చిప్పుల్లో ఇంకో చిక్కుంది. రౌటర్‌కి సెకనుకొక పింగ్ పంపితే, మూడు నాలుగు మిల్లీసెకన్లలో రావలసిన జవాబు వంద, రెండు వందలు తీసుకుంటుంది. అదే సెకనుకు పది పంపండి, అన్నీ చక్కగా వస్తాయి. అంత రద్దీలో చిప్‌కి పడుకునే సందు దొరకదు మరి. గట్టిగా పరీక్షించేవాడికి కనిపించకుండా, నెమ్మదిగా చూసేవాడికే దొరికే లోపం ఇది.

పైగా నిద్రలు చాలా ఉన్నాయి. రేడియో నిద్ర వేరు. చిప్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకు కునుకు తీసే ఏఎస్‌పీఎం వేరు. మూత వేస్తే మొత్తం యంత్రం పడుకునే సస్పెండ్ వేరు. వీటిని ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. వాడి ల్యాప్‌టాప్‌లో రేడియో నిద్ర ఉంచి ఏఎస్‌పీఎం ఒక్కటి ఆపితే సరిపోయింది. రెండూ కలిసినప్పుడే చిప్ లేవలేకపోతోంది.

“పక్కన చెల్పూరు కరెంటు ప్లాంటుల 1100 మెగావాట్లు తీస్తుంటే నీ చిప్పు ఎంత తింటదోయ్!” అంటాడు భూపాలపల్లి బావ. ఆ లెక్క బ్యాటరీకి అంటదు. ఒక్క ఛార్జింగ్ మీద సాయంత్రం దాకా చదువుకోవలసిన పిల్లవాడికి ఈ నిద్ర వల్ల మిగిలే అరగంట అంటే అరగంటే.

చిప్పుల్ని నిద్రపుచ్చే ఈ పనిలో మన హైదరాబాద్‌కి పెద్ద వాటా ఉంది. 2001లో మొదలైన రెడ్‌పైన్ సిగ్నల్స్ ఇంజనీర్లు ఇక్కడే కూర్చుని తక్కువ కరెంటుతో నడిచే వైఫై చిప్పులు చేశారు. వాటి డ్రైవర్ ఆర్‌ఎస్‌ఐ పేరుతో 2014లో లైనక్స్ కెర్నెల్‌లో చేరింది. నిద్ర వ్యవహారాలకి అందులో వేరే ఫైలే ఉంది, నేను ఇష్టంగా చదివినవాటిలో అదొకటి. 2020లో ఆ వైర్‌లెస్ వ్యాపారాన్ని సిలికాన్ ల్యాబ్స్ 30.8 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. కంపెనీ చేతులు మారినా డ్రైవర్ అందరిదీ. 2023లో మారెక్ వాసుట్ అనే డెవలపర్ అందులో ఒక లోపం పట్టాడు. యంత్రం పూర్తిగా ఆగిపోయేటప్పుడు కూడా చిప్ ఉన్న స్లాటుకి కరెంటు ఉంచమని డ్రైవర్ అడుగుతోంది. ఆ కోరిక సస్పెండ్‌లో న్యాయం, షట్‌డౌన్‌లో అర్థం లేదు. ఆయన నిద్ర వ్యవస్థను మూసెయ్యలేదు, షట్‌డౌన్‌లో ఆ కోరిక ఒక్కటే తీసేశాడు. నాకు కావలసిన వైద్యం అది.

ఎవరు ఎప్పుడు లేవాలన్న గొడవ జనగామ రైతులకి కొత్త కాదు. వ్యవసాయానికి కరెంటు వంతులవారీగా, అదీ రాత్రిపూట వచ్చే రోజుల్లో మా పెదనాయన టార్చిలైటు పట్టుకుని పాములున్న గట్ల మీద బావి దగ్గరికి నడిచేవాడు. ఆటోస్టార్టర్ పెట్టించాక ఆ నడక తప్పింది. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేచేది. కాకపోతే ఫీడరు మీదున్న మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి, ట్రాన్స్‌ఫార్మర్ కాలేది. 2018 జనవరి 1న 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమన్నారు. నీళ్లు వృథా అవుతాయన్నారు, నిజమే. కానీ పాముల దారిలో నడవకుండా కాపాడిన పెట్టెను దోషిలా చూడటం నాకు మింగుడుపడలేదు. ఒక్కో మోటారుకి కొన్ని సెకన్ల తేడా పెట్టే టైమరు ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ బతికేది. పెదనాయన కరెంటోళ్లని అదే అడిగాడు. టైమరు మాట ఎవరూ ఎత్తలేదు, కెపాసిటర్ పెట్టించుకొమ్మన్నారు. పెట్టించుకున్నాడు.