ఆకాశమునకు పిట్టగోడ



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఇండ్లు కట్టువారికి చిన్న ఆజ్ఞ యొకటి కలదు. మన ప్రసంగములలో అది తరచుగా వినబడదు. క్రొత్త యిల్లు కట్టువాడు మేడచుట్టు పిట్టగోడ పెట్టవలెననియు, పెట్టనందున ఎవడైనను పడి చచ్చినచో ఆ దోషము ఇంటివానిదే యనియు దాని భావము. ఈ వేసవిలో ఆ మాట నన్ను విడువలేదు. ఏల విడువలేదో చెప్పుటకు ముందు కొంత శాస్త్రము చెప్పవలసియున్నది. ఓపికతో చదువుడి.

మన తలలపైన 15 మొదలు 35 కిలోమీటర్ల యెత్తున ఓజోను అను వాయువు కలదు. మనము పీల్చు ప్రాణవాయువులో పరమాణువులు రెండేసి జతగా నుండును. ఓజోనులో మూడేసి యుండును. అక్కడనున్న ఓజోను నంతటిని నేలకు దించి పరచగలిగినచో దాని మందము సుమారు 3 మిల్లీమీటర్లే. రెండు రూపాయి బిళ్లలు ఒకదానిపై నొకటి పెట్టినంత. ఇంత పలుచని తెర సూర్యునినుండి వచ్చు అతినీలలోహిత కిరణములలో హానికరమైనవానిని చాలమట్టుకు ఆపుచున్నది. ఆ కిరణములు ఏమి చేయునో రైతులకు తెలియనిది కాదు. కళ్లములో ధాన్యముమీద కప్పిన బరకము రెండు మూడు వేసవులకే పెళుసెక్కి చేతిలో చినిగిపోవును గదా. తెరను దాటి వచ్చిన కొద్దిపాటి కిరణములకే అట్లగును. అవి హెచ్చినచో కంటిలో శుక్లములు హెచ్చును, తెల్లని చర్మము గలవారికి చర్మపు కాన్సరు హెచ్చును, నీటిపై తేలు కంటికి ఆనని పచ్చని జీవులును చేపపిల్లలును దెబ్బతినును. కొల్లేటి ప్రక్కన చెరువులు పెట్టుకొన్నవారికి నీటి పచ్చదనము విలువ నేను చెప్పనేల?

ఈ తెరను పలుచన చేసినది మనుష్యుడే. అదియు దురుద్దేశముతో కాదు. కైకలూరు, ఆకివీడు ప్రాంతములలో ఐసు ఫ్యాక్టరీల ప్రక్కగా పోయినవారికి అమ్మోనియా వాసన తెలియును. ముక్కు మండును, కండ్లు నీళ్లు కారును. గొట్టము కారినచో చుట్టుప్రక్కల వారందరికి వెంటనే తెలియును. పూర్వము శీతల యంత్రములలో ఇట్టి ఘాటైన వాయువులే వాడెడివారు. అవి కారి మనుష్యులు చనిపోవుటయు కలదు. 1928లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అను ఇంజనీరు తన తోటివారితో కలిసి, అందుకు బదులుగా క్లోరోఫ్లోరోకార్బనులను కనుగొనెను. ఫ్రియాన్ అనునది వాని వ్యాపార నామము. వాసన లేదు, మండదు, పీల్చినను విషము కాదు. 1930లో ఒక శాస్త్రసభలో ఆయన దానిని గుండెలనిండ పీల్చి, వెలుగుచున్న కొవ్వొత్తిమీద ఊది ఆర్పి చూపెను. సభవారు ఎంత సంతోషించియుందురో ఊహించుకొనుడి! మిడ్జ్‌లీ 1944లో మరణించెను. తన వాయువు పైన ఏమి చేయునో ఆయన యెరుగడు.

1974లో కాలిఫోర్నియాలో షెర్‌వుడ్ రోలండ్, మారియో మొలీనా అను ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞులు ఒక ప్రశ్న వేసికొనిరి. ఈ వాయువు మండదు, కరగదు, వానతో దిగిరాదు. మరి ఇన్ని సంవత్సరములుగా వదలినదంతయు ఎక్కడికి పోవుచున్నది? వారు కనుగొన్న సమాధానము ఇది. అది మెల్లమెల్లగా పైకెక్కి, నూరేండ్లవరకు చెడక నిలిచియుండి, కడపట ఓజోను దాపునకు చేరి అక్కడి తీవ్రమైన కిరణములకు విరిగిపోవును. అందులోనుండి విడివడిన క్లోరిన్ పరమాణువు ఓజోనులోని మూడవ పరమాణువును లాగివేయును. లాగి, మరల విడిపోయి, ఇంకొకదానిమీదికి పోవును. అట్లు ఒక్క క్లోరిన్ పరమాణువు ఇంచుమించు లక్ష ఓజోను అణువులను పాడుచేయగలదు. కొందరు వ్యాపారులు వారిని పరిహసించిరి. కాని 1985లో దక్షిణ ధ్రువములోని హాలీ బే కేంద్రమునుండి బ్రిటిషు శాస్త్రజ్ఞులు, ప్రతి వసంతమున అక్కడ ఓజోను విపరీతముగా తరిగిపోవుచున్నదని ప్రకటించిరి. 1995లో ఆ యిద్దరికిని, పాల్ క్రుట్జెన్ అను మరియొకనికిని నోబెల్ బహుమానము వచ్చెను.

ఇది దూరదేశపు కథ యని తలంపకుడి. మన హైదరాబాదులో టాటా సంస్థవారి బెలూన్ కేంద్రము కలదు. 1987లోను 1990లోను అక్కడనుండి జర్మను, భారత శాస్త్రజ్ఞులు పెద్ద బెలూనులను ఎగురవేసి, పైగాలిని సీసాలలో పట్టి తెచ్చి పరీక్షించిరి. మన తెలుగు ఆకాశముమీద కూడ ఆ వాయువులు కనబడెను. దక్కను పీఠభూమిమీద వానిని వదలిన కర్మాగారములు ఎన్ని యుండెనో చెప్పుడి! గాలికి సరిహద్దు రాళ్లు లేవు.

1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో దేశములు ఒడంబడిక చేసికొనెను. మన దేశము 1992లో చేరెను. 2008 ఆగస్టు 1నుండి క్లోరోఫ్లోరోకార్బనుల తయారీని ఆపెను. తుదకు లోకములోని దేశములన్నియు ఆ ఒడంబడికపై సంతకము పెట్టెను. తగవులాడుటయే వృత్తిగా నున్న రాజ్యములు ఒక్క మాటమీద నిలుచుట అరుదు గనుక దీనిని నేను సంతోషముతో వ్రాయుచున్నాను. 2023 జనవరిలో వచ్చిన నివేదిక ప్రకారము, ఈ కట్టుబాటు సాగినచో లోకములో చాలభాగముమీద ఓజోను 2040 నాటికి, దక్షిణ ధ్రువముమీద 2066 నాటికి 1980లో నున్న స్థితికి వచ్చును.

ఇక నిజము దాచకుండ ఒక మాట. ఉష్ణమండలమైన మన దేశముమీద ఓజోను తగ్గుట బహు స్వల్పమే. పెదవేగిలో ఎవరికైన శుక్లము వచ్చినచో వయస్సు, మధుమేహము, చుట్టపొగ, జీవితమంతయు ఎండలో చేసిన కూలిపని అందుకు కారణములు. మీ ఫ్రిజ్ కారణమని చెప్పువాని మాట నమ్మకుడి. దెబ్బ తగులువారు చిలీ దక్షిణపు కొనను, ఆస్ట్రేలియా, న్యూజీలాండులలోను ఉన్నారు. మన మేడమీదినుండి పడువాడు మన యింటివాడు కాడు, మన ఊరివాడును కాడు. ద్వితీయోపదేశకాండములోని ఆజ్ఞ పడినవాని పేరు అడుగదు. నన్ను పట్టుకొన్నది అదియే.

మా వివాహమప్పుడు, 1996లో, మా మామగారిచ్చిన ఫ్రిజ్ యొకటి మా యింట నుండెను. ఈ యేప్రిల్‌లో అది బొత్తిగా పనిచేయుట మానెను. పాత సామానులు కొనువాడు వచ్చి 1,100 రూపాయలకు బేరము కుదుర్చుకొని, పెరటిలో దానిని బోర్లవేసి, రాగిగొట్టము కోయుటకు కటింగు ప్లయరు తీసెను. మా సంఘపు యువకుడొకడు ఏలూరులో ఏసీ మెకానిక్కుగా పనిచేయుచున్నాడు. ఆ వేళకు మా గుమ్మములో నున్నాడు.

"అయ్యగారండీ, కాస్త ఆగమనండి. ఇది పాత పన్నెండో నంబరు గ్యాసండి. పైపు కోస్తే మొత్తం పైకి పోద్దండి."

"వాసనా లేదు, పాడూ లేదు. పోతే ఏమవుద్దంట?" అనెను పాత సామానులవాడు. పాపము, 1930లో సభవారును అట్లే అనుకొనిరి.

ఆ యువకుడు బండిమీద పోయి, తాను పనిచేయు చోటినుండి పంపును, ఖాళీ సిలిండరును తెచ్చెను. గ్యాసును సిలిండరులోనికి పట్టుటకు అరగంట పట్టెను. తూచి చూడగా 120 గ్రాములు. కాలము వ్యర్థమైనదని పాత సామానులవాడు నూరు రూపాయలు తగ్గించెను. అది న్యాయమే యని మా ఆవిడ అనెను, నాకు తోచలేదు.

తరువాత ఆ యువకుడు తన కష్టము చెప్పుకొనెను. నా పాస్టరేటులోని మరియొక గ్రామములో మందిరమునకు రెండు ఏసీలు కలవు. వెనుక రేకుమీద ఆర్-22 అని అచ్చువేసియుండును. అది పాత ఫ్రియాన్‌లో ఇరువదవ వంతు మాత్రమే ఓజోనుకు హాని చేయును. అయినను హాని చేయును గనుకనే 2030 నాటికి దానిని కూడ మానవలెనని నిర్ణయమైనది. ఆ యేసీలలో ఒకటి ప్రతి సంవత్సరము కారుచుండెను. ప్రతి మార్చిలో నింపించుచుండిరి. కారుచోటు వెదకి, సబ్బునురుగు పూసి చూచి, అతుకు పెట్టవలెనన్నచో ఒక దినము పని, రెట్టింపు కూలి. నింపి పోవుటకు గంట చాలును. "రిపేరు చేస్తానంటే డబ్బు గుంజుతున్నాడంటారండి. నింపేసి పోతే మంచి కుర్రోడంటారు," అనెను. ఇట్టి శోధన ప్రసంగపీఠముమీద నిలుచువానికి కలుగదు.

కమిటీలో ఆ సంగతి ఎత్తితిని. పిట్టగోడ వచనము చదివితిని. "పైకి పోయే గాలికి మళ్లీ డబ్బేటండి అయ్యగారూ?" అని ఒక పెద్ద అడిగెను. గ్యాసుకు ఇదివరకే మూడు సంవత్సరములు డబ్బు పోసితిరి గదా యని కోశాధికారి లెక్క చూపెను. వచనముకంటె లెక్కయే ఎక్కువ పనిచేసెనని నా అనుమానము. అతుకు వేయించుటకు ఒప్పుకొనిరి. అప్పుడు ఆ పెద్ద, మొక్కజొన్న రైతు, లేచుచు ఇట్లనెను: "సరేనండి. రేపు మా యూరియా కూడా పాపమంటారా ఏంటి?"

ఎగతాళికే అడిగెను. అయినను ప్రశ్న మంచిది. మాంట్రియల్ ఒడంబడికలో లేని వాయువొకటి నేడు ఓజోనుకు అన్నిటికంటె ఎక్కువ కీడుచేయు విడుదలయని, మన దేశములో పుట్టిన ఏ. ఆర్. రవిశంకరయు ఆయన తోటివారును 2009లో చూపిరి. అది నైట్రస్ ఆక్సైడు. పొలములో చల్లిన నత్రజనిలో పైరు పీల్చుకొనగా మిగిలినదానిని నేలలోని సూక్ష్మజీవులు మార్చగా అది పుట్టును. నూరేండ్లకు పైగా గాలిలో నిలుచును. 45 కిలోల యూరియా కట్టలో 20 కిలోలకు పైగా నత్రజని కలదు. అందులో సుమారు నూటికొక పాలు, అనగా 200 గ్రాములు, ఇట్లు పైకి పోవును. నీరు నిలిచిన వరిచేలో అది తక్కువ. తడిసి, ఆరి, మరల తడియు మెట్టచేలలో ఎక్కువ. పెదవేగి మెట్ట ప్రాంతమని మీరెరుగుదురు.

యూరియా మానుడని నేను చెప్పజాలను. అది లేనిదే ఇందరికి అన్నము లేదు. అయితే 2015నుండి మన యూరియాకు వేపనూనె పూయుచున్నారు. నత్రజని మెల్లగా విడువబడుటకే. దఫదఫాలుగా వేసినచో, నేల పరీక్షించి వేసినచో, గాలికి పోవునది తగ్గును, చేతిలో డబ్బును మిగులును. ఈ మాటలే ఆ పెద్దతో చెప్పితిని. ఎకరమునకు ఆరు కట్టలు వేయుట ఆయన వాడుక. ఆయన కండువా దులిపి భుజముమీద వేసికొని, "ఈ రబీలో ఒక ఎకరానికి నాలుగే వేస్తానండి. మార్చిలో గింజ తూచాక మాట్లాడుకుందాం," అని చెప్పి వెళ్లెను.