బేగంపేట గాజు పలకలపై ఆకాశం

నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల పేరు చెప్పగానే 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని గుర్తుకు రావడం సహజమే అయినా, ఆ సంస్థకు అసలు కీర్తి తెచ్చింది నక్షత్రాలను ఫోటో తీయడానికే రూపొందించిన 8 అంగుళాల కుక్ పరికరం, అనగా ఆస్ట్రోగ్రాఫ్. 1887లో పారిస్‌లో సంకల్పించిన అంతర్జాతీయ ఆకాశపట పథకంలో, ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ హైదరాబాదులోని బేగంపేటలో ఉన్న ఈ వేధశాల వంతుకు వచ్చింది. గాజు పలకపై సూదిమొనంత నల్లని మచ్చగా పడిన ఒక్కొక్క తార స్థానాన్ని, పలకపైనే ముద్రించిన సన్నని గళ్ల ఆధారంగా, ఏళ్ల తరబడి కొలిచి నమోదు చేసినవారి ఓర్పు ఎంత గొప్పదో! పేరుకైనా నోచుకోని ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాలి. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో నక్షత్రాల స్వీయగమనాన్ని, అంటే ఆకాశంలో అవి మెల్లగా జరిగే తీరును, గణించడానికి ఈ పథకపు పాత కొలతలే ఆధారమయ్యాయి.