దిగుదారి లెక్క



గడచిన నెలలో ఒక సాయంకాలమున మా బావగారు మా యింటికి వచ్చి, "తమ్ముడూ, చలికాలం వచ్చింది. మళ్లీ అరకు పోదామా?" అని యడిగిరి. నేను తల వంచుకొంటిని. ఆయన నేడు కుంటుచు నడచుటకు కారకుడను నేనే.

2011వ సంవత్సరము డిసెంబరులో మేమిద్దరము ఒకే మోటారుసైకిలుపై అనంతగిరి ఘాటీ ఎక్కి అరకు చూచితిమి. తిరిగి వచ్చునప్పుడు కాఫీ తోటలయొద్ద ఆలస్యము చేసి, ప్రొద్దు గ్రుంకు వేళకు దిగుట మొదలుపెట్టితిమి. పెట్రోలు మిగులునని నేను ఇంజను ఆపి, గేరు తీసివేసి, బ్రేకుల మీదనే బండిని జారవిడిచితిని. "గేరులో పెట్టు తమ్ముడూ" అని ఆయన వెనుకనుండి రెండు మారులు చెప్పిరి. నేను నవ్వితిని. కొన్ని మలుపులు దాటిన పిమ్మట బ్రేకు కాగి పట్టు విడిచినది. బండి ప్రక్క కాలువలో పడెను. నాకు చర్మము గీసుకొనెను. ఆయన కాలి యెముక విరిగెను.

మంచు వలన జారితిమని అక్కతో చెప్పితిని. బావగారు నా మాట కాదనలేదు.

ఇప్పుడు అక్క ఒక షరతు పెట్టెను. "దారంతా కాగితం మీద రాసి నాకు చూపించు. చూశాకే పంపుతాను" అనెను. ఆ రాత్రి దీపము దగ్గర కూర్చుండి వ్రాసితిని.

మొదటి దినము: విశాఖపట్నమునుండి అరకు, సుమారు 115 కిలోమీటర్లు. ఘాటీ మొదలుకాక మునుపే శృంగవరపుకోటలో ట్యాంకు నింపి, టైర్ల గాలి చూడవలెను. ఇద్దరికిని హెల్మెట్లు. పంక్చరు సామాను, ఒక ట్యూబు, ఒక క్లచ్చి తీగ. డిసెంబరులో ఐదున్నర కాకమునుపే సూర్యుడు అస్తమించును. గనుక నాలుగు గంటలకు బండి ఆపవలెను.

రెండవ దినము: అరకునుండి పాడేరు మీదుగా చింతపల్లి. ప్రతి గంటకు ఒకసారి ఆగి, బావగారు కాలు చాచుకొనవలెను.

మూడవ దినము: లంబసింగి దాటి నర్సీపట్నమునకు దిగుట. అచ్చట చలి సున్న డిగ్రీల దగ్గరకు వచ్చిన దినములు కలవు. మంచు విడువనిదే కదలరాదు. ఎదుట ఎక్కి వచ్చు బండికి దిగువాడే దారి ఇయ్యవలెను.

ఈ మూడవ దినపు దారిని గూర్చి వ్రాయుచుండగా నా చేయి ఆగినది. తెల్లవారి పాలనలో నర్సీపట్నమునుండి చింతపల్లికి దారి వేయునప్పుడు చాలీచాలని కూలికి కొండవారిచేత బలవంతముగా పని చేయించిరి. అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటునకు అది యొక కారణము. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి జరిగెను. మనము అందము చూచుచు పోవు దారికి మరియొకరు వెల చెల్లించియున్నారు. నా వెనుక కూర్చుండిన బావగారును నా సరదాకు అట్లే వెల చెల్లించిరి గదా!

కాగితము చివర పెద్ద అక్షరములతో వ్రాసితిని: "దిగునప్పుడు ఇంజను ఆపరాదు. ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెను. ఇంజను బండిని పట్టియుంచును; బ్రేకు ఆగి ఆగి వేయవలెను. వెనుకనున్నవారు చెప్పిన మాట వినవలెను."

అక్క చదివి, "ఈ చివరిది ఇంత పెద్దగా ఎందుకు రాశావురా?" అని యడిగెను. అప్పుడు నేను ఉన్నదున్నట్లు చెప్పితిని. నా గొంతు పూడిపోయెను.

అక్క కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "నాకు అప్పుడే తెలుసు. ఆస్పత్రిలో మీ బావ నిద్రలో 'గేరులో పెట్టు, గేరులో పెట్టు' అని కలవరించారు. నువ్వు చెబుతావేమోనని ఇన్నేళ్లూ చూశాను" అనెను. పిమ్మట కాగితము మడిచి బావగారి చొక్కా జేబులో పెట్టి, "ఇది మీ దగ్గరే ఉండాలి. వీడు మరిచిపోతే వెనకనుంచి చదవండి" అనెను.

చదువరులారా, కొండ ఎక్కుటకు బండికి బలము చాలును. దిగుటకు మాత్రము వెనుకనున్నవాని మాట వినగల చెవి కావలెను. వచ్చే సోమవారము తెల్లవారుజామున బయలుదేరుచున్నాము. ఈసారి బండి నేను తోలినను, ఎప్పుడు ఆపవలెనో బావగారే చెప్పుదురు.